నీళ్ళు పైకెక్కించే ఏర్పాటు

"మీరు నిలబడిన ఈ చోటును మూడు లాంతర్లు అంటారు," అని నా నోరు మొదలుపెట్టింది. దాని పని అది చేసుకుపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇవే మాటలు, ఇదే వరస. నేను కాస్త పక్కకు జరిగి నిలబడితే చాలు. మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. నరసన్నపేట వైపు నుంచి వచ్చిన బస్సు పైకప్పు మీంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఇరవైముగ్గురు ట్రైనింగు ఆడపిల్లలు పైటకొంగులు చెవుల మీదుగా చుట్టుకుని ఒక్కొక్కరే దిగారు. నూనె రాసి బిగించి వేసుకున్న జడలు, నీలం అంచు తెల్లచీరలు, నిద్ర చాలని కళ్ళు. వచ్చే ఏడాదికి వీళ్ళంతా ఎక్కడో ఒక పూరిపాకలో పలకల మీద అక్షరాలు దిద్దించే పంతులమ్మలు. వాళ్ళను తీసుకొచ్చిన టీచరు లక్ష్మణమ్మ గారు వాచీ చూసుకుని, "ఏడింటికల్లా మళ్ళీ బస్సెక్కాల మాస్టారూ, ఎండెక్కకముందే సింహాచలం సేరిపోవాల," అన్నారు. ఏడు అంటే గంటన్నర. నాకు చాలు. వాల్తేరు పాసింజరు ఏడున్నరకు. నా నోరు లాంతర్ల గురించి చెబుతోంది, ఎవరు పెట్టించారు, ఎందుకు మూడు, చీకట్లో దూరం నుంచి వచ్చే బళ్ళవాళ్ళు వాటిని చూసి ఎలా దారి పట్టేవారు. పిల్లలు తలలు పైకెత్తి చూస్తున్నారు. వాళ్ళు చూసే చోటికి నేనూ చూశాను, కొత్తగా ఏమీ లేదు.

సాయంకాలం లోపల విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేరాలి. ఎల్లుండి పొద్దున్న కోస్తారు. డాక్టరు చిన్నవాడు, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. తన మెడ మీదే వేలు పెట్టి చూపించాడు: ఇదిగో ఇక్కడ, ఈ గొంతుపెట్టె తీసేస్తాం, దాని కింద చిన్న రంధ్రం పెడతాం, తర్వాత ఊపిరి అందులోంచి ఆడుతుంది. అతని గోరు శుభ్రంగా కత్తిరించి ఉంది, నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. చుట్ట కాలుస్తారా అని అడిగాడు. లేదన్నాను. బీడీ? లేదు. ఏం పని చేస్తారు? బడిపంతుల్ని, పొద్దున్నపూట ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకు కోట చూపిస్తాను అన్నాను. అతను రాసుకోవడం ఆపి నా వంక ఒకసారి చూశాడు. "మరి మాట?" అని అడిగాను. "మాట ఉండదండి," అన్నాడు. అని, ఎందుకో తెలీదు, లేచి వెళ్ళి కిటికీ రెక్క మూశాడు. బయట గాలి కూడా లేదు. నాకు ఆ క్షణంలో ఏడుపు రాలేదు, భయం కూడా రాలేదు. మందుల చీటీ మీద అతని దస్తూరి ఎంత వికారంగా ఉందో, మూడో తరగతిలో ఎవరూ ఇతని చెయ్యి పట్టి దిద్దించలేదు కాబోలు, అని అనుకున్నాను. మనసు అలా పక్కదారి పడుతుందని ముందే తెలిసి ఉంటే ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

ఆడపిల్లల గుంపుకు పదడుగులు వెనకగా తాయారు నడుస్తోంది. తాయారు నా భార్య. మా పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నేను కోట చూపించడం చూడ్డానికి రాలేదు, రమ్మని నేనూ అనలేదు. ఈ పొద్దున్న నాలుగింటికి లేచి, ట్రంకుపెట్టె సర్ది, రిక్షాలో తిన్నగా స్టేషనుకు వెళ్ళి కూర్చో, నేను వాళ్ళను పంపించేసి వస్తాను అంటే, "పెట్టె ఆల బస్సులో పెడదాం, నానూ మీతో వస్తాను," అంది. ఎందుకు అని నేను అడగలేదు. మా ఇంట్లో ఎందుకు అనే మాట ఎప్పుడో మానేశాం. పోట్లాట ఏమీ లేదు. పిల్లలు లేరు, అప్పట్లో ఆ బాధ ఉండేది, ఇప్పుడు అది కూడా లేదు. అన్నం పెట్టు, తలుపేసుకో, రేపు ఆలస్యమవుతుంది. ఇవీ నేను ఇంట్లో అనే మాటలు. బయట నుంచి రోజంతా మాట్లాడి వచ్చినవాడు ఇంట్లో ఊరుకుంటాడు, అది సహజమే అనుకున్నాను. ఆపరేషను సంగతి చెప్పినప్పుడు ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. గొంతులో చిన్న పుండు, కోసి తీసేస్తారు, పదిరోజుల్లో వచ్చేస్తాం అన్నాను. "ఊఁ," అంది. మట్టిగడ్డ ఒకటి ఏరి బయటికి విసిరింది. మాట పోతుందని చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాను, మంగళవారం అనుకున్నాను. ఇప్పుడు రైల్లో చెప్పాలి, వేరే దారి లేదు. ఏం చెప్పాలో ఐదు సంగతులు వరసగా మనసులో పెట్టుకున్నాను, కోట చూపించేటప్పుడు పెట్టుకున్నట్టే.

గంటస్తంభం కిందికి వచ్చాం. అరవై ఎనిమిది అడుగులు అని నోరు చెబుతోంది. నెల్లిమర్ల జూట్ మిల్లుకు మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు మంచులోంచి సైకిళ్ళ మీద వచ్చి, ఆడపిల్లల్ని చూసి బెల్లులు ఎక్కువగా కొట్టి, మళ్ళీ మంచులోకి పోతున్నారు. పార్వతీపురం రోడ్డు మీదికి ఒక పోలీసు వ్యాను తిరిగింది, వెనక బెంచీల మీద కూర్చున్న కానిస్టేబుళ్ళు తలలు వాల్చి నిద్రపోతున్నారు. పిల్లలు మాట్లాడడం ఆపి దానివంక చూసి, అది మలుపు తిరిగాక మళ్ళీ మొదలుపెట్టారు. పాలకేన్ల చప్పుడు. హోటలు ముందు నీళ్ళు చల్లుతున్నారు, కాలిన బొగ్గు వాసన, ఇడ్లీ ఆవిరి. మొదటిసారి నేను ఇక్కడ నిలబడి మాట్లాడినప్పుడు, అప్పటికి పెళ్ళయి ఏడాది, ఎవరో మద్రాసు నుంచి వచ్చిన నలుగురు, గొంతు వణికింది. ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడి మళ్ళీ చెప్పుకున్నాను. అప్పుడు తాయారు వంటింటి గడప దగ్గర నిలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇప్పుడు తలచుకుంటే అందులో వెక్కిరింపు ఉన్నట్టు లేదు, పదిహేడేళ్ళ పిల్ల నవ్వు, అంతే. కానీ నేను ఆ తర్వాత అద్దం ముందు చెప్పుకోవడం మానేసి, ఉదయాన్నే అయ్యకోనేరు గట్టుకు పోయి అక్కడ చెప్పుకునేవాణ్ణి.

"పదండి, కోట తూర్పు వాకిలి," అన్నాను. ఇది నేనే అన్నాను, నోరు కాదు. రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు. నావి రెండు గొంతులు. ఒకటి ఇక్కడ మాట్లాడేది: "శిలాఫలకము", "నిర్మాణ కౌశలము", "ప్రభువులు వేంచేసిరి". రెండోది రాజాం పక్క మా ఊళ్ళో పుట్టింది, చోడి అంబలి తాగి పెరిగింది, "ఏటి", "ఎలిపోనాడు", "సూడు" అనేది. పదకొండేళ్ళప్పుడు హైస్కూల్లో చేరడానికి వస్తే, మొదటి రోజే తెలుగు మాస్టారు నిలబెట్టి పద్యం చదవమన్నారు. చదివాను. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం నుంచి రెండో గొంతును నాలోపల ఎక్కడో పెట్టి తలుపేశాను. మా అయ్య ఆరు నెలలకొకసారి బియ్యం మూట మోసుకుని వచ్చి హాస్టలు గేటు దగ్గర నిలబడి, "ఒరే గణపతీ," అని పిలిచేవాడు. గోగు చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేస్తే వినబడే గొంతు అది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేవాణ్ణి, ప్రేమతో కాదు, రెండోసారి అరవకుండా ఆపడానికి. అయ్య పోయి పద్దెనిమిదేళ్ళు. ఎల్లుండి కోసేది ఏ గొంతును? డాక్టర్ని అడగవలసింది. ఇక్కడ మాట్లాడేది పోతే పెద్ద నష్టం లేదు, దాంట్లో మాటలన్నీ నోటుబుక్కులో ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. రెండోదాన్ని నేను వాడనే లేదు, పోయినట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు.

"విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమున ఈ కోటకు శంకుస్థాపన గావించిరి," అని వాకిలి కమాను కింద నోరు చెప్పింది. రాతి కమాను కింద మాట గుండ్రంగా తిరిగి వెనక్కి వస్తుంది, అందుకే ఈ వాక్యం ఎప్పుడూ ఇక్కడే చెబుతాను. ఈ రోజు తిరిగి వచ్చిన గొంతు నాది కాదు, రంపం పట్టినట్టుంది. పిల్లలు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. లక్ష్మణమ్మ గారు ఒకమ్మాయి రాసినదాంట్లో తప్పు దిద్దారు. కోటలోనే నడిచే కాలేజీ గదులు ఇంకా తెరవలేదు, ఆవరణ ఖాళీగా ఉంది, ఒక ముసలాయన రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. అతని చీపురు చప్పుడు, ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ. తాయారు కమానుకు అవతలే ఆగిపోయింది. గోడ మొదట్లో ఏదో వెతుకుతున్నట్టు పడమటి వాకిలి వైపు చూస్తోంది. ఆమె ఆ వైపునే పుట్టింది, కోట వెనక గుర్రాల సాలల దగ్గర. వాళ్ళ నాన్న కూర్మయ్య మావ గుర్రాలకు గడ్డి వేసేవాడు. మా ఊరివాడే, వరసకు మేనమామ, కరువులో పొలం వదిలేసి ఇక్కడికి వచ్చాడు. అత్తను నేను చూడలేదు. తాయారుకు పన్నెండేళ్ళప్పుడే పోయింది. పేరు దాలమ్మ, కోటలో పని చేసేదని విన్నాను. ఏం పనో, విన్నానో లేదో.

మోతీమహల్ మెట్ల దగ్గర, రెండు పాలరాతి బొమ్మల మధ్య నిలబడి, "ఇది ప్రభువుల దర్బారు," అని చెప్పబోయాను. "ప్రభువుల" వరకు వచ్చింది. "దర్బారు" రాలేదు. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, మాట లేదు. మళ్ళీ ప్రయత్నించాను. కాలికింద మెట్టు ఉంటుందనుకుని అడుగు వేస్తే లేనట్టుగా అయింది. ముందు వరసలో ఉన్న పిల్లలు పెన్సిళ్ళు ఆపి చూశారు. వాళ్ళ చూపులో జాలి లేదు, తర్వాతి మాట కోసం చూస్తున్నారు, అంతే. "మంచుకి గొంతు పట్టీసినట్టుంది మాస్టారికి," అన్నారు లక్ష్మణమ్మ గారు. తాయారు గుంపును తప్పుకుంటూ ముందుకు వచ్చింది, సంచీలోంచి మరచెంబు తీసి మూత విప్పి ఇచ్చింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగింటికి పొయ్యి ఎందుకు ముట్టించిందో అప్పుడు తెలిసింది. తాగాను. మింగుతుంటే లోపల చేపముల్లు ఉన్నట్టుంది, ఆ ముల్లు పక్కనుంచి నీళ్ళు దిగాయి. ఆమె నా మొహం చూడలేదు, గొంతు కదలడం చూసింది. చెంబు తీసుకుని, మూత బిగించి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఎవరో చిన్నప్పుడు బళ్ళో పక్కన కూర్చున్న పిల్లను చాలా ఏళ్ళ తర్వాత సంతలో చూసినట్టు అనిపించింది నాకు. పలకరించాలా వద్దా అని తేల్చుకునేలోగా గుంపులో కలిసిపోయింది.

మిగిలినదాన్ని క్లుప్తంగా ముగించి చివరి చోటుకు తీసుకెళ్ళాను. కోట వెనక తోట పక్కన ఎనిమిది పలకల రాతి కట్టడం, రాణివాసపు స్నానాల మేడ. తలుపు లేదు, లోపల గబ్బిలాల వాసన, పైకి తిరుగుతూ పోయే సన్నని రాతి మెట్లు. బయట గడ్డి తడిగా ఉంది, పిల్లలు చీరల కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. గొంతును కూడదీసుకున్నాను. "పైనున్న తొట్టెలోనికి నీళ్ళు ఎక్కించే ఏర్పాటు ఉండెడిది. అచ్చటినుండి గొట్టముల ద్వారా కింది గదిలోనికి ధారగా పడెడివి." ఇక్కడితో అయిపోతుంది. తర్వాత సాధారణంగా ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు, అందరూ కొడతారు. ఈసారి చప్పట్ల బదులు ఒక చెయ్యి లేచింది. నల్లగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి, అప్పటిదాకా ఒక్క ముక్క రాసుకోకుండా అన్నిటినీ చేత్తో ముట్టుకుని చూస్తూ వచ్చింది. లక్ష్మణమ్మ గారు, "ఏటి కూర్మమ్మా?" అని, నా వైపు తిరిగి, "భావనపాడు పిల్ల. ఆ ఊర్నుంచి సదువుకొచ్చింది ఈ పిల్లొక్కర్తే," అన్నారు.

"నీల్లు ఎక్కించే ఏర్పాటన్నారు గదా మాస్టారూ, ఆ ఏర్పాటేటి? అప్పుడు పంపుల్లేవు గదా. ఇంతెత్తుకి ఎలాగెక్కినాయి?"

మిగతా పిల్లలు ముసిముసిగా నవ్వారు. సముద్రపు గాలికి ఎదురుగా అరిచి అరిచి అలవాటైన గొంతు, తగ్గించి మాట్లాడినా తోటంతా వినబడింది. నా క్లాసు నవ్విన నవ్వే అది. ఆమె మాత్రం తల దించుకోలేదు, జవాబు కోసం చూస్తోంది. నేను నోరు తెరిచాను. గొంతు రాకపోవడం ఒకటి, జవాబు లేకపోవడం ఒకటి. రెండూ ఒకేసారి జరిగాయి గనక ఏది ఏదో వాళ్ళకు తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. కప్పీలు ఉండేవేమో, ఏతాం లాంటిదేమో. ఏర్పాటు అనే మాట ఎంత బాగుంది, దాని వెనక ఏదైనా దాగుతుంది, అనుకుంటూ నిలబడ్డాను.

"ఆ ఏర్పాటు మాయమ్మ," అంది వెనకనుంచి తాయారు.

అందరూ అటు తిరిగారు. తాయారు కూడా ఆ మాట బయటికి వచ్చినందుకు కాస్త బెదిరినట్టు సంచీని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత, కూర్మమ్మ ఒక్కర్తినే చూస్తూ, నెమ్మదిగా చెప్పింది. "మాయమ్మా, ఇంకో పదిమందీని. ఇత్తడి కడవలు. అదిగో ఆ నూతిలోంచి తోడీవోరు. సీకటుండగా మొదలెట్టి, రానోరు లెగిసీసరికి పైన తొట్టి నిండాల. మెట్లు సూసినారు గదా, ఒక మనిసే పడతాది. ఎక్కీవోలు ఎక్కతుంటే దిగీవోలు గోడకి అంటుకుపోయి నిలబడాల. దీపం ఉండీది కాదు. ఎడం సెయ్యి కడవ మీద, కుడి సెయ్యి గోడ మీద. లోపలికెల్లి కుడిపక్క గోడ ముట్టుకోండి, మీకే తెలుస్తాది."

పిల్లలు నా అనుమతి కోసం చూడలేదు. ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్ళారు. చీకట్లో వాళ్ళ గాజుల చప్పుడు, "ఇక్కడే", "అవునే", "నున్నగుందే". లక్ష్మణమ్మ గారు కూడా చెప్పులు విడిచి వెళ్ళారు. అందరూ వచ్చాక నేను వెళ్ళాను. నడుము ఎత్తుకు కాస్త పైన, మెట్లతో పాటే తిరుగుతూ పైకి పోయే ఒక పట్టీ, అరచెయ్యి వెడల్పు. దానికి పైనా కిందా రాయి గరుకుగా ఉంది, ఆ పట్టీ మాత్రం నది అడుగు రాయిలా ఉంది. చెయ్యి దానంతట అదే అందులోకి వెళ్ళింది. ఎన్ని వందలసార్లు ఈ మెట్ల దగ్గర నిలబడ్డాను! గోడ ముట్టుకోలేదు, మట్టవుతుందని. చెయ్యి అక్కడే ఉంచి చీకట్లో నిలబడితే, దాచిపెట్టిందేదో దానికదే పైకి వచ్చినట్టు, మొదటి ఇల్లు, మొదటి నోటుబుక్కు, ముక్కాలి బల్ల గుర్తొచ్చాయి. పెళ్ళయిన రెండో నెల. కోట గురించి రాసుకుంటున్నాను. తాయారు వచ్చి పక్కన కూర్చుని, "నానొకటి సెప్తాను, రాసుకుంటారా, మాయమ్మ ఆ తానాల మేడకి నీల్లు," అని మొదలుపెట్టింది. నేను తలెత్తకుండానే, "అలాటివి రాయడానికి పనికిరావు. చరిత్రంటే వేరు," అన్నాను. కోపంగా కూడా అనలేదు. పిల్లలకు లెక్క తప్పయితే కొట్టివేసినట్టు అన్నాను. ఆమె కొంచెంసేపు కూర్చుని లేచి వెళ్ళింది. ఆ తర్వాత నేను రాసిన వాక్యం "నీళ్ళు ఎక్కించే ఏర్పాటు ఉండెడిది". అంటే విన్నాను. విని, పదకొండుమంది ఆడవాళ్ళను తీసేసి, అక్కడ ఆ మాట పెట్టాను. ఇంత నిదానంగా ఈ సంగతి నాకు తెలిసింది. దుఃఖం కాదు అది. ఎవరో నా జేబులోంచి పడిపోయినదాన్ని తెచ్చి చేతిలో పెట్టినట్టు, చూసుకుంటూ నిలబడ్డాను.

బయటికి వచ్చేసరికి తాయారు నూతి గట్టు మీద కూర్చుని ఉంది, పిల్లలందరూ చుట్టూ తడిగడ్డి మీదే కూర్చున్నారు. నేను గుంపు వెనక, ఇంతసేపూ ఆమె నడిచిన చోట, నిలబడ్డాను. వెనకనుంచి చూస్తే గుంపు ఎలా ఉంటుందో నాకు తెలియదు. జడలు, మెడలు, ముందుకు వంగిన వీపులు. తాయారు చేతులు కదులుతున్నాయి. ఆమె మాట్లాడేటప్పుడు చేతులు అలా కదులుతాయని నేను మరిచిపోయాను. "నాను కడుపులో ఉన్నప్పుడు కూడా ఎక్కీది," అంటోంది. "ఎనిమిదో నెల. మానీమంటే ఇంకో మనిసిని పెట్టీస్తారని బయ్యం. ఒకనాడు, పైన ఆఖరి మెలిక దగ్గర, కడవ జారిపోనాది. నిండు కడవ. ఇత్తడి. ఆ రోజు రానోరు పెందలాడే లెగిసీసి కింద గదిలో తానం ఆడతన్నారు." పిల్లల్లో ఎవరో అబ్బా అన్నారు. "మెట్టు మెట్టుకీ కొట్టుకుంటా దొర్లింది. కింద ఆరుగురు ఎక్కతన్నారు, తలల మీద కడవల్తోటి." కూర్మమ్మ తన రెండు అరచేతులూ చెంపలకు ఆనించుకుంది. "అప్పుడేటైనాది?" అంది. అదే సమయానికి మూడు లాంతర్ల వైపు నుంచి బస్సు హారను మోగింది, ఒకసారి, ఆగి ఇంకోసారి, డ్రైవరు చెయ్యి తీయలేదు. లక్ష్మణమ్మ గారు వాచీ చూసుకుని, "ఏడూ పది!" అని అరిచారు. పిల్లలు లేచి తడి చీరలు దులుపుకుంటూ పరుగులాంటి నడక మొదలుపెట్టారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కూర్మమ్మ మాత్రం వెనకబడి, తాయారు చేతిలో సంచీ తను తీసుకుని, బస్సు దాకా పక్కనే నడిచింది. బస్సులో స్టేషను వరకు మమ్మల్ని దింపారు. దిగుతుంటే ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తా, బడి పెట్టాక ఉత్తరం రాస్తాను, అది సెప్పాల నువ్వు," అంది. నాకు మాత్రం రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

పాసింజరు అరగంట ఆలస్యం. వచ్చాక మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. తాయారు కిటికీ వైపు కూర్చుంది. ఎదురు బెంచీ మీద గంప పెట్టుకుని ఒక ముసలమ్మ గోడకు తలవాల్చి కళ్ళు మూసుకుంది. రైలు కదిలింది. సిగ్నలు, నీళ్ళ ట్యాంకు, నువ్వుచేలు. మనసులో పెట్టుకున్న ఐదు సంగతులూ వరసగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి. మొదటిది పైకి తీశాను.

"తాయారూ, నీకు ఒక మాట చెప్పాలి. ఆ ఆపరేషను..."

"గొంతు తీసీస్తారు. ఇంక మాట రాదు," అంది బయటికి చూస్తూనే. "అదే గదా."

ఐదు సంగతుల్లో మొదటిది అక్కడితో అయిపోయింది.

"ఆ డాక్టరు కాయితం మన వీధిలో నర్సు దానమ్మ సేత సదివించీసినాను. పదిరోజులైపోనాది."

"మరి అడగలేదేం?"

"మీరు సెప్తారని సూసినాను. సోమారం సెప్పబోయి మానీసినారు. మంగలారం కూడాను. సూసినాను," అంది.

"అందుకేనా ఇవాళ వచ్చావు?"

"ఏ ఊరోల్లైతేనేటి, ఇన్నేల్లూ అందరూ ఇన్నారు మీ మాట. నానొక్కదాన్నే ఇన్లేదు. ఒకసారి ఇందారనొచ్చినాను." అప్పుడు నావైపు తిరిగింది. ఆమె కళ్ళు తడిగా లేవు. పొద్దున్నే లేచినందువల్ల ఎర్రగా ఉన్నాయి. "బాగా సెప్తారు," అంది. "మద్దిలో అడ్డం పడిపోనాను. ఏటనుకోకండి."

మిగతా నాలుగు సంగతులు తీసి చూసుకున్నాను. పెన్షను కాయితాలు ఏ పెట్టెలో ఉన్నాయో ఆమెకు తెలుసు, ఆ పెట్టె సర్దేది ఆమే. నన్ను గురించి బెంగపెట్టుకోవద్దని చెప్పడం రెండోది, అది ఇప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. మూడోది క్షమాపణ లాంటిది, దేనికో నిన్నటిదాకా తెలియక అందంగా రాసుకున్నాను; ఇప్పుడు దేనికో తెలిశాక ఆ వాక్యం పనికిరాదు. నాలుగోది ఏమిటో గుర్తు రాలేదు. గొంతులో ముల్లు కదులుతోంది. మాట్లాడొద్దని డాక్టరు చెప్పలేదు; ఎంత మాట్లాడినా ఇప్పుడు తేడా ఏమీ ఉండదు అన్నాడు. రైలు దిగేదాకా చేతిలో ఇంకా రెండు గంటలు ఉన్నాయి, కోసేదాకా లెక్కేస్తే ఎల్లుండి పొద్దున్న దాకా. వాటితో ఏం చెప్పినా అది నోరు చెప్పేదే అవుతుంది, ఎప్పుడో ఎక్కడో దిద్దుకుని పెట్టుకున్నదే. చెప్పవలసింది ఏమీ లేదని తెలిసిపోయాక ఒళ్ళు తేలికయింది. లోపల మాత్రం ఒకటి ఉంది, ఇందాక హారను మోగినప్పటి నుంచి ఉంది, తొలుస్తోంది. అడగడానికి నోరు తెరిస్తే వచ్చిన గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. గరుకుగా, సగం గాలిగా, కానీ మా ఊరిది, అయ్యది.

"ఆ కడవ జారిపోయినాక ఏటైనాదే?"

తాయారు నన్ను చూసింది. ఎదుటి ముసలమ్మ కూడా కళ్ళు తెరిచింది. "మీకు కావాలేటి అది?" అంది తాయారు.

"కావాల. సెప్పు."

ఆమె సంచీని పక్కకు నెట్టి, కాళ్ళు పైకి ముడుచుకుని బాసింపట్టు వేసుకుని నాకెదురుగా కూర్చుంది. "ముందే కడవ దగ్గరికెలిపోతే ఎలాగ? ఆ పొద్దుట సంగతి సెప్పాల ముందు. మాయమ్మ లెగిసింది, లెగిసీసరికి మాయయ్య ఇంటికి రానేదు..." అని మొదలుపెట్టింది. చేతులు కదిలాయి. ముసలమ్మ గంప మీదికి మోచేతులు ఆనించి ముందుకు వంగింది. నేను కిటికీ రెక్క సగం దించాను, గాలి మాటలకు అడ్డం రాకుండా. కోరుకొండ స్టేషను వచ్చి వెళ్ళిపోయింది. దాలమ్మ అత్త ఇంకా ఇంట్లోంచి బయల్దేరనే లేదు. వాల్తేరు ఇంకా చాలా దూరం ఉంది.